పెరిగిన పోగులు

ఆ బుధవారం పొద్దున రాజేశ్వరమ్మ వంటింట్లోంచి "పాపా, పసుపుకొమ్ము ఒకటి తీసుకురా, తాడు పెరిగింది" అని కేకేసేసరికి, ప్రియదర్శిని ముందుగదిలో కాఫీ తాగుతూ తన పేరు తానే చదువుకుంటోంది. అందులో తప్పేమీ లేదు. జర్మనీలో వెలువడే మనస్తత్వశాస్త్ర పత్రికలో ఆదోని అమ్మాయి పేరు అచ్చవడం రోజూ జరిగే ముచ్చట కాదు. వ్యాసం వచ్చి ఏడాదైనా, మనసు బాగాలేని రోజున ఒకసారి, బాగున్న రోజున రెండుసార్లు ఆమె దాన్ని తీసి చూసుకుంటూనే ఉంది.

పసుపుకొమ్ము తీసుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఏమన్నావమ్మా?"

"తాడు పెరిగింది అంటాండా. మెడలో తాడు. ఏంది అట్ల నిలబడతావు? జల్ది తే, కొమ్ము కట్టుకోని కొత్తది మార్చుకుంటా."

తాళి తాడు తెగితే తెగింది అనరు, పెరిగింది అంటారు. అశుభం నోట పలకకూడదని. ఇది ప్రియదర్శినికి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలిసిన సంగతే. తెలిసిన ఆ సంగతి ఇన్నాళ్లూ ఏ మూల దాక్కుందో గాని, ఇప్పుడు బయటికొచ్చి నెత్తిమీద మొట్టింది. ఎమ్మిగనూరులో పన్నెండు మగ్గాల దగ్గర మూడు వారాలు తిరిగి ఆమె నింపిన నోటుపుస్తకంలో పేజీ పేజీకీ ఉన్నది ఆ మాటే. నాలుగు పోగులు పెరిగినాయమ్మా. ఈ పూట ఏమీ పెరగలేదు. ఆమె దాన్ని ఎంతో శ్రద్ధగా, తప్పులేని ఇంగ్లీషులో, "నాలుగు పోగులు ఎక్కువ నేశాను" అని రాసింది.

పాపం, ఆమెననీ లాభం లేదు. ఆమె హనుమంతరాయుడి కూతురు. పత్తి వ్యాపారం చేసే ఇంట్లో ధర "పెరిగింది" అన్న మాట వినిపిస్తే ఎవరి మొహమైనా విప్పారుతుంది. మార్కెట్ యార్డు నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా నాన్న అడిగే మొదటి మాట "పెరిగిందా?" అనే. ఆ చెవులతో మగ్గం దగ్గర కూర్చున్న పిల్లకు పెరగడమంటే మంచి జరగడమే అనిపించింది.

కాఫీ చల్లారిపోయింది. వంటింట్లోంచి తల్లి మళ్లీ కేకేసింది.

ఆ వ్యాసంలో మొదటి పేరు ప్రొఫెసర్ రెనాటె లిండెకేది. ప్రియదర్శినిది రెండో పేరు. ఈ తప్పు ఎంతమందిని ముంచుతుందో తెలియాలంటే ముందు ఆవిడెవరో తెలియాలి.

రెనాటె పుట్టింది తూర్పు జర్మనీలో, రెండు జర్మనీలున్న రోజుల్లో. చిన్నప్పుడు హ్యాండ్‌బాల్ ఆడేది. గోల్‌కీపరు. పదిహేడో ఏట ఒక ఫైనల్‌లో, నిండిన స్టేడియం ముందు, ఆఖరి నిమిషంలో బంతి నేరుగా ఆమె మీదికే వచ్చింది. పదేళ్ల పిల్ల కూడా పట్టగలిగే బంతి. చేతులు లేవలేదు. బంతి వస్తోందని కళ్లు చూశాయి, పట్టాలని మనసు చెప్పింది, చేతులు మాత్రం ఎవరివో అయినట్టు ఊరుకున్నాయి. కోచ్ ఆ తర్వాత ఆమెతో మాట్లాడడం మానేశాడు. మామూలు పిల్లైతే ఏడ్చి, ఆట మానేసి, ఆ రోజు మరిచిపోయేది. ఈమె ఏడ్చింది, ఆట మానేసింది, ఆ రోజును మాత్రం నలభై ఆరేళ్లుగా వదల్లేదు. వేలసార్లు చేసిన పనిని, పది మంది చూస్తుంటే చెయ్యి ఎందుకు మరిచిపోతుంది? ఆ ఒక్క ప్రశ్న కోసం మనస్తత్వశాస్త్రం చదివి, ఇరవై ఏడేళ్లకు డాక్టరేట్ తెచ్చుకుంది.

మరుసటి ఏడే రెండు జర్మనీల మధ్య గోడ కూలింది. రెండు దేశాలూ ఒకటయ్యాయి. అందరూ పండగ చేసుకుంటుంటే ఆమె పనిచేసే విభాగాన్ని మూసేశారు. ఆ కాలపు డాక్టరేట్లు చెల్లుతాయో లేదో కమిటీ చూసి చెబుతుందన్నారు. ఆవిడ కమిటీ కోసం కూర్చోలేదు. పడమటికి పోయి, తనకంటే ఏడేళ్లు చిన్నవాళ్ల పక్కన సహాయకురాలిగా చేరి, ఇంకొకరి ప్రయోగాలకు యంత్రాలు మోసింది. అక్కడ ప్రొఫెసర్ కావాలంటే డాక్టరేట్ ఒక్కటే చాలదు, దానికంటే పెద్దది ఇంకో థీసిస్ రాయాలి. రాసింది. చాలదన్నారు. మళ్లీ రాసింది. నలభై ఆరో ఏట ప్రొఫెసర్ అయింది.

తుపాకీ గురి పెట్టేవాళ్లు, జిమ్నాస్టులు, పెనాల్టీ కొట్టే ఫుట్‌బాల్ ఆటగాళ్లు, అందరి పక్కనా గంటల తరబడి కూర్చుని ఆవిడ తేల్చింది ఇది: చూపుకు బరువుంది. ఎవరైనా చూస్తున్నారనగానే మనసు వచ్చి చేతిమీద పెత్తనం మొదలుపెడుతుంది. అప్పటిదాకా పని తెలిసిన చెయ్యి తడబడుతుంది. ఈ మాట మీద నాలుగు పుస్తకాలు రాసింది. ఓడిపోయి ఉత్తరం రాసిన ప్రతి ఆటగాడికీ, వాడెంత అనామకుడైనా, చేత్తో జవాబు రాసింది. ఇదంతా ఆవిడ చెప్పుకున్నది కాదు. అడిగి అడిగి, నెట్‌లో వెతికి వెతికి ప్రియదర్శిని పోగుచేసుకున్నది. ఆ వివరాలు చెప్పేటప్పుడు ఆమె గొంతు వింటే, ఆవిడ ఈమెకు మేనత్తేమో అనుకుంటారు.

అరవై దాటాక ఒక సభలో ఎవరో కుర్రవాడు ఆవిడను నిలదీశాడు. మీరు చూసినవాళ్లంతా చిన్నప్పటి నుంచి మార్కుల మధ్య పెరిగిన ఆటగాళ్లు, ఏ పోటీ లేకుండా జీవితమంతా చేతిపని చేసుకునేవాళ్ల సంగతేమిటి అని. ఆ వయసులో ఇంకొకరైతే నవ్వి కూర్చోబెట్టేవారు. ఆవిడ మంచి ప్రశ్న అంది, కాగితం మీద రాసుకుంది, రెండేళ్లకు ఎమ్మిగనూరులో దిగింది. ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే ప్రియదర్శిని ఆమెకు నోరూ చెవీ అయింది.

నీలకంఠం, భీమక్క దంపతుల ఇంటితో మొదలుపెట్టి ఆ వీధిలో పన్నెండు మగ్గాలు. ఒక పూట నేతపనివాళ్లు ఒంటరిగా నేస్తారు. ఇంకో పూట ఆవిడ పక్కన కూర్చుని, చేతిలో గడియారంతో, కళ్లార్పకుండా చూస్తుంది. "కెమెరా కూడా కన్నే" అని కెమెరా పెట్టనివ్వలేదు. పూట ముగిశాక ప్రియదర్శిని పోయి ఎట్లా సాగిందని అడిగి రాసుకోవాలి, అంతే. రెనాటె అన్న పేరు భీమక్క నోట రెండో రోజుకే రేణుకమ్మ అయింది.

లెక్కలు తేలాక చూస్తే విడ్డూరం. ఒంటరిగా ఉన్న పూట రెండు పోగులు పెరిగితే, చూస్తున్న పూట ఏడు పెరిగాయి. అంటే చూస్తే వీళ్ల చేతులు ఇంకా బాగా ఆడుతున్నాయన్నమాట! ముప్పై ఏళ్లు తాను చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ఆవిడ ఒక్క అంకె దాచలేదు. "నా సిద్ధాంతం ఎమ్మిగనూరులో ఓడిపోయింది" అనే వాక్యంతోనే వ్యాసం మొదలుపెట్టింది. తన మాటను తానే కొట్టేసుకున్న ప్రొఫెసర్ అని ఆ వ్యాసానికి ఎక్కడలేని పేరొచ్చింది. పదవీ విరమణకు పెద్ద సన్మానం ఖాయమైంది. వీడ్కోలు ఉపన్యాసానికి విషయం కూడా అదే. ఇంకా ఆరు వారాలుంది.

పసుపుకొమ్ము తల్లి చేతిలో పెట్టి, ప్రియదర్శిని కాలేజీకి సెలవు చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కింది.

భీమక్క మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. "ఏమ్మా, ఒక్కదానివే వచ్చినావు? రేణుకమ్మ రాలేదా?" అంది.

"లేదు పెద్దమ్మా. ఒక మాట అడగాల. పోగు పెరిగింది అంటారు కదా, అంటే ఏంది?"

"ఏందేంది?" అంటూ భీమక్క చెయ్యి ఆపి మొహంలోకి చూసింది. వేళ్లతో ఒక పోగు పట్టుకుని, పుటుక్కుమని తెంపినట్టు గాలిలో చూపించి, వెంటనే లెంపలేసుకుంది. "ఇదీ. మగ్గం మీద కూసోని ఆ మాట నోట అనొచ్చునా? మా అత్త సంపేసేది. ఈ ఈదిలో అందరమూ పెరిగింది అనే అంటాము. నీకు తెల్దా?"

"తెలుసు" అంది ప్రియదర్శిని. అంతకంటే నిజమైన, అంతకంటే పనికిరాని జవాబు ఆమె జన్మలో చెప్పలేదు.

"ఆయమ్మ పక్కన కూసున్న పూట మరీ ఎక్కువ పెరిగేటివి. పాపం, ఆయమ్మ మంచిదే. ఉలుకూ పలుకూ లేకుండా గడియారం పట్టుకోని చేతుల దిక్కే సూస్తాంటే, ఎవరికైనా పెరగక ఏమైతాది? పెరిగినదాన్ని రెప్పపాటులో అతికేస్తాము, ఆయమ్మ కంటికి ఆనేది కాదు. అంటే బాధ పడతాదని ఊరకున్న్యాము."

తిరుగు బస్సులో ప్రియదర్శిని కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకుంది. ఈ తప్పు పట్టుకోవాలంటే జర్మన్ ప్రొఫెసర్ల వ్యాసాలూ తెలియాలి, భీమక్క అత్తగారి మాటలూ తెలియాలి. అలాంటి మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది, తప్పు చేసిందీ ఆమే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆరు వారాల్లో ఆవిడ ఉపన్యాసం అయిపోతుంది, సన్మానం అయిపోతుంది, హాయిగా ఇంట్లో కూర్చుంటుంది. నోరు తెరిస్తే, నలభై ఏళ్ల చదువు చివర "పొరపాటు లెక్కతో పేరు తెచ్చుకున్న ప్రొఫెసర్" అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర వేసేది తన చెయ్యి.

రాత్రి అన్నాల దగ్గర నాన్నకు చెప్పింది. హనుమంతరాయుడు పెరుగన్నం కలుపుతూ విన్నాడు.

"ఆయమ్మకు నష్టం, నీకు నష్టం. సెప్పకపోతే ఎవరికి నష్టం?"

"ఎవరికీ లేదు నాన్నా."

"మరింకేమి?" అన్నాడు. ఇంకో ముద్ద తిన్నాక మళ్లీ తానే అన్నాడు. "అయితే ఒకటి. తడి పత్తి నా గోదాములో ఉందని నాకు తెలిసినాక, కొన్నోనికి తెలిసినా తెలియకున్నా నాకు నిద్ర పట్టదు. నీకెట్లనో నాకు తెలీదు."

నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం కాలేజీ స్టాఫ్‌రూములో కూర్చుని, తాడు సంగతీ భీమక్క సంగతీ అన్నీ రాసి, చివర క్షమించమని కూడా అడగలేక, ఆవిడకు మెయిల్ పంపేసింది. గంటలో జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. "చెప్పినందుకు కృతజ్ఞతలు. నేను వస్తున్నాను."

పది రోజులకు ఆవిడ ఆదోని స్టేషన్లో దిగింది. సన్నగా, పొడుగ్గా, భుజాన ఒక్క సంచితో. ఎమ్మిగనూరుకు కారు మాట్లాడతానని ప్రియదర్శిని అంటే, వద్దని బస్సే ఎక్కించింది. బస్సు ఊరు దాటింది.

"ఎన్ని రోజులు దాచావు?" అని అడిగింది ఆవిడ ఇంగ్లీషులో.

"నాలుగు."

"నేనైతే వారం తీసుకునేదాన్ని."

ప్రియదర్శినికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, ఇన్ని రోజులుగా దాచుకున్న ఓదార్పు బయటపెట్టింది. "మీ పాత సిద్ధాంతమే నిజమని తేలింది కదా మేడమ్. మీరు ఓడిపోలేదు."

ఆవిడ కిటికీలోంచి శనగచేల వైపు చూసింది. "ముప్పై ఏళ్లుగా నేను నిజమని చెప్పిన మాట అబద్ధమైతే ఎంత బాగుండునో అని ముప్పై ఏళ్లూ అనుకున్నాను" అంది. "చూపు బరువు మొయ్యని చేతులు ఎక్కడో ఒకచోట ఉండాలనుకున్నాను. ఇక్కడ దొరికాయనుకుని ఒక ఏడాదిపాటు హాయిగా నిద్రపోయాను. నాలుగు పోగులు ఎక్కువ నేశానని ఏ నేతమనిషైనా లెక్కపెడుతుందా, ప్రియా? ఒక్క చీరలో వేల పోగులుంటాయి. నా విద్యార్థి ఎవరైనా ఇలాంటి లెక్క తెస్తే నిమిషంలో వెనక్కి పంపేదాన్ని. నాకు నచ్చిన జవాబు కాబట్టి అడగలేదు."

మనుషులను పొగడడానికి చాలా సందర్భాలుంటాయి. ప్రియదర్శిని మాత్రం ఆవిడను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించింది ఆ బస్సులో, ఆ మాట విన్న నిమిషంలో. నాలుగు పుస్తకాలూ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అనిపించింది.

ఆవిడకొక పద్ధతుంది. ఏది రాసినా, ఎవరి గురించి రాసిందో వాళ్లకు ముందు చదివి వినిపించాలి. పోయిన ఏడు వ్యాసం కూడా అలాగే వినిపించింది. అప్పుడు ప్రియదర్శిని "చూస్తే మీ పని ఇంకా బాగుంటుందంట" అని రెండు ముక్కల్లో చెప్పేస్తే, అందరూ మర్యాదకు తలలూపారు. ఇప్పుడు మళ్లీ పన్నెండు మగ్గాలవాళ్లూ నీలకంఠం ఇంట్లో చేరారు. ఆవిడ చాప మీద కూర్చుని కాగితం తీసింది. ఒక్కొక్క వాక్యం ఆవిడ చదువుతుంది, ప్రియదర్శిని తెలుగులో చెబుతుంది. ఈసారి ఒక్క ముక్క వదలకూడదు, ఒక్క ముక్క కలపకూడదు.

"ఎమ్మిగనూరు మగ్గాల మీద నేను అచ్చువేసిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటాండాను. దాంట్లో రాసింది నిజం కాదు. నేను పక్కన కూసున్నప్పుడు వాళ్లకు పోగులు ఎక్కువ... పెరిగినాయి." అక్కడ చిన్నగా నవ్వులు. "ఆ వ్యాసం చూసి ఇస్తామన్న సన్మానం వద్దని రాసినాను."

"అయ్యో" అన్నాడు నీలకంఠం. "సన్మానం ఎందుకు వద్దంటాది? మన పోగులకూ ఆయమ్మ సన్మానానికీ ఏమి సంబంధం?"

"ఉండు, ఇననీ" అంది భీమక్క.

ఆవిడ ఆఖరి వాక్యం చదివింది. చిన్న వాక్యం. ప్రియదర్శినికి అది ఆ క్షణం దాకా తెలియదు. కాగితం ముందుగా చూపించలేదు. "మాట అర్థం తెలుసుకోకుండా వదిలేసిన తప్పు నాది, దాన్ని కనిపెట్టింది ప్రియదర్శిని."

అందులో మొదటి ముక్క తెలుగులో చెప్పింది. "తప్పు నాది."

భీమక్క అనుమానంగా చూసింది. "నాది అంటే ఎవురిదమ్మా? ఆయమ్మదా? నీదా?"

తర్జుమా చేసే మనిషికి అంతకంటే ఇరకాటం లేదు. కాగితం ప్రకారం ఆవిడదే. మర్యాదకు కూడా ఆవిడదే అనాలి. ప్రియదర్శిని తల వంచుకుని, "నాదే పెద్దమ్మా" అంది. "మీరు పెరిగింది అంటే నేను ఎక్కువైంది అనుకోని రాసినా. ఆయమ్మకు తెలుగు రాదు. నాకొస్తాది. తప్పు నాది."

ఏం జరుగుతోందని ఆవిడ అడిగింది. ప్రియదర్శిని చెప్పక తప్పలేదు. ఆవిడ గట్టిగా తల అడ్డంగా ఊపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనకొచ్చిన తెలుగంతా కూడదీసి, "నాది, నాది" అంది.

"నాది మేడమ్" అంది ప్రియదర్శిని.

"తప్పు కోసరం ఇట్ల కొట్లాడుకునేటోళ్లను నా ఇన్నేండ్లకు ఇప్పుడే సూస్తాండా" అంది భీమక్క. గదిలో అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వింది. తర్వాత పెన్ను తీసి, కాగితం మీద ఒక్క మాట కొట్టేసి, దాని పైన ఇంకో మాట రాసి ప్రియదర్శినికి చూపించింది. తప్పు నాది అన్నది పోయింది. ఇద్దరికీ వర్తించేలా మార్చింది.

"తప్పు మాది" అని చదివింది ప్రియదర్శిని. ఇంతలో భీమక్క చెయ్యెత్తింది.

"మాది అంటే మీ ఇద్దరిదా? మరి మేము యాడికి పోయినాము? పెరిగింది పెరిగింది అని మూడు వారాలు మేము సెప్పలేదా? ఆయమ్మ సూస్తాంటే చేతులు ఆడలేదని తెలిసీ నోరు మూసుకున్న్యాము కదా? తప్పులో మాకూ బాగముంది. మనది అని రాయమను."

ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ప్రియదర్శిని వివరించడానికి రెండు మూడు సార్లు మొదలుపెట్టి ఆగింది. మాది అంటే వినేవాళ్లు అందులో ఉండరు, మనది అంటే వినేవాళ్లూ ఉంటారు; తెలుగులో రెండు మాటలు, ఇంగ్లీషులో రెంటికీ ఒకటే. మీరు రాసిన మాట మార్చనక్కర్లేదు మేడమ్, భీమక్క మిమ్మల్ని ఒంటరిగా వదలనంటోంది, అంది.

ఆవిడ కళ్లజోడు తీసి, చీర కొంగు లేని మనిషి కాబట్టి చేతి వెనకతో కళ్లు తుడుచుకుంది. పదిహేడో ఏట స్టేడియం నిండా జనం చూస్తుండగా ఓడిపోయినప్పుడు, పక్కనొచ్చి ఈ మాట అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

నెల తిరక్కుండా ఆ ప్రకటన పత్రికలో అచ్చయింది. నాలుగైదు వాక్యాలే, కింద రెండు పేర్లు. వీడ్కోలు సభలో ఆవిడ ఉపన్యాసానికి బదులు దాన్నే చదివి, ఆ తప్పు జరిగిన కథంతా చెప్పిందనీ, సన్మానం లేకపోయినా హాలంతా లేచి నిలబడిందనీ ఎవరో ప్రియదర్శినికి రాశారు. ఆ తప్పు ఆ కింది పేర్లవాళ్లదేనని అక్కడున్నవాళ్లందరూ అనుకున్నారు. ఇంగ్లీషు చూస్తే అలాగే ఉంటుంది మరి. ప్రియదర్శిని మాత్రం ఆ వాక్యం చదివినప్పుడల్లా, మగ్గానికొకరు చొప్పున కలిపి, పద్నాలుగు మందిని లెక్కపెట్టుకుంటుంది.